ఎండకు నల్లని యద్దము

వేసవి యెండలో పెరటిలో ఆవకాయ పెట్టుట మన యిండ్లలో నేటికిని పెద్ద పనియే. ఇప్పుడు దానికి తోడు మఱియొక పని చేరినది. పెద్దలు కాయ కొట్టుట, కారమును ఆవపిండిని ఉప్పును పాళ్ల ప్రకారము కలుపుట, నూనె పోయుట మున్నగునవి యెల్ల వీడియోగా తీసి దాచుకొనవలెనని సోదరీమణులు పలువురు కోరుచున్నారు. కొందఱకిది ముచ్చట. కొందఱకు ఇంటిపట్టున నుండి నాలుగు డబ్బులు గడించుకొను మార్గము. ముచ్చటయైనను జీవనమైనను, ఏండ్ల తరబడి నాయనమ్మగారి చేతికి అలవడిన యా వాటము మరుసటి వేసవికిని చూడ లభించునని చెప్పగలవారెవ్వరు? తీయునదేదో ఈ వేసవిలోనే చక్కగా తీయవలెను.

అట్లు తీసినవారు చెప్పు చిక్కు సామాన్యముగా నొక్కటే. మధ్యాహ్నపుటెండలో బొమ్మ తెల్లబాఱిపోవును. లేదా, బొమ్మ స్పష్టముగనే యున్నను కలుపుచున్న చేయి తెగితెగి గెంతుచున్నట్లు తోచును. ఈ రెండింటికిని మందు కటకము ముందు బిగించెడి నల్లని యద్దము. దీనిని ఎన్.డి. ఫిల్టరు అందురు. రంగును మార్చక వెలుగును మాత్రమే తగ్గించుట దీని పని. ఇందు త్రిప్పుచు వలసినంత నలుపు చేసికొనగల వేరియబుల్ ఎన్.డి. ఫిల్టరను రకమును గూర్చియే మేమీ నెల ముచ్చటింపదలచితిమి. ఏలన, దీని గుణములలో సగమే అంగడిలో చెప్పుదురు.

మొదట చేయి గెంతుటకు కారణము. వీడియో యనగా సెకనుకు 25 నిశ్చలచిత్రముల వరుస యనుకొనుడు. ఒక్కొక్క చిత్రము సెకనులో 50వ వంతు కాలము వెలుగు త్రాగినచో, కదలుచున్న చేయి కొంచెము అలికినట్లు పడును. ఆ యలుకుడే ఒక చిత్రమును వేఱొకదానితో కలిపి కంటికి నడకగా చూపును. పూర్వపు ఫిల్ము కెమెరాలలో సగము కోసిన చక్రము తిరుగుచు ఫిల్మునకు సగము కాలమే వెలుగు నిచ్చెడిది. ఈ లెక్క అక్కడనుండి వచ్చినదే. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది గనుక ఇంటి దీపముల క్రిందను ఈ 50వ వంతు మినుకు లేకుండ కుదురును. ఎండలో కెమెరాను దాని యిష్టమునకు వదలితిమా, వెలుగెక్కువైనదని అది 2000వ వంతునకైనను దిగును. అప్పుడు ప్రతి చిత్రమును శిలవలె నిలిచిపోవును. రాలుచున్న కారము సైతము చుక్కలు చుక్కలుగా గెంతును.

ఎంత వెలుగు తగ్గింపవలెను? ఛాయాగ్రాహకుల పాత లెక్క యొకటి కలదు. నిండుటెండలో, ఐ.ఎస్.ఓ. 100 వద్ద, 100వ వంతు కాలమునకు ఎఫ్ 16 సరిపోవును. 50వ వంతైనచో ఎఫ్ 22 కావలెను. అంత చిన్న రంధ్రముతో బొమ్మ మెత్తబడును; పైగా వెనుక దండెముమీది బట్టలు, నీళ్ల ట్యాంకు సర్వమును నాయనమ్మగారితో సమానముగా స్పష్టమై కూర్చుండును. వెనుకటిది మసకబడి ఆమె చేతులే కనబడవలెనన్నచో ఎఫ్ 2.8 మేలు. ఎఫ్ 22 నుండి ఎఫ్ 2.8 వఱకు ఆఱు మెట్లు. మెట్టు మెట్టునకు వెలుగు రెట్టింపు. కావున 64 పాళ్ల వెలుగులో నొక్క పాలే లోనికి రావలెను. అంత నలుపు గల మార్పులేని యద్దమునకు ఎన్.డి. 64 అని పేరు, కొందఱు 1.8 అని వ్రాయుదురు, రెండును నొకటే. ఫోనులలో రంధ్రమును మార్చు వీలు సాధారణముగా నుండదు గనుక వానికి అద్దమే శరణ్యము.

ఈ మార్పులేని యద్దము నమ్మకమైనది. కాని పెరటినుండి వసారా నీడకు వచ్చినచో వెలుగు మూడు మెట్లయినను పడిపోవును. మబ్బు పట్టినను మార్పు తప్పదు. కారమును నూనెయు అంటిన చేతులతో ప్రతిసారి అద్దము విప్పి వేఱొకటి బిగించుట యెవరి తరము? త్రిప్పెడి యద్దము యుపయోగపడునది యిందులకే.

దానిలో నున్నవి రెండు పోలరాయిడు రేకులు. వెలుగు తాను పోవు దారికి అడ్డముగా అన్ని వైపులకును కంపించుచుండును. రేకు వానిలో నొక వైపు కంపమునే పోనిచ్చును. రెండవ రేకును మొదటిదానికి సమముగా నుంచిన వెలుగు వచ్చును. అడ్డముగా త్రిప్పిన దాదాపు చీకటియగును. ఈ తగ్గుదల లెక్కను 1809లో ఫ్రాన్సు దేశీయుడు మాలూస్ తెలిపెను. పలుచని రేకుగా చేయు నుపాయము 1929లో అమెరికాలో ఎడ్విన్ ల్యాండు పన్నినది. 45 డిగ్రీలు త్రిప్పిన సగము వెలుగు మిగులును. 60 త్రిప్పిన నాలుగవ వంతు. 80 వద్ద సుమారు 33వ వంతు. అనగా మొదట చాల త్రిప్పినను మార్పు స్వల్పము. తుదిని వెండ్రుకవాసి త్రిప్పిన చాలును, చీకటి పడును. అక్కడ చేయి మెల్లగా నాడవలెను. పూర్తిగా తెఱచియున్నను ఇది ఒకటి రెండు మెట్ల వెలుగును మ్రింగును గనుక వంటయింటిలోనికి పోవునపుడు తీసివేయుటయే మంచిది.

ఇక చెప్పని సగము. నూనె, నీరు, ఆకు, పట్టు, చెమట పట్టిన ముఖము, వీనిపైనుండి ఏటవాలుగా ప్రతిఫలించు వెలుగు చాలవఱకు ఒకే వైపునకు కంపించును. ముందున్న రేకు కొన్ని స్థితులలో దానిని పూర్తిగా ఆపివేయును. అప్పుడు ఆవకాయపై తేలిన నువ్వులనూనె నిగనిగ మాయమై, ముక్కలు ఎండిపోయినట్లు తోచును. అరిటాకు పచ్చదనము చిక్కబడును గాని నిగారింపు పోవును. లోహము ప్రతిఫలించు వెలుగునకీ గుణము స్వల్పము గనుక బంగారు గాజులు మెఱయుచునే యుండును. వాని ప్రక్కన పట్టుచీర మాత్రము కళ తప్పును. తొట్టిలో కాయలు కడుగునపుడు ఇదియే మేలు చేయును. నీటిపై తళుకు తొలగి లోపలి కాయలు కనబడును. చిక్కేమనగా, వెలుగును మెఱుపును రెండును ఒకే యుంగరముతో మాఱును. కావున మొదట మెఱుపు నిలుచునట్లు త్రిప్పి, మిగిలిన లెక్కను రంధ్రముతో గాని ఐ.ఎస్.ఓ.తో గాని సరిచేయుడు. ఎదురుగా సాగుచున్న చిత్రము నడుమ ఉంగరమును త్రిప్పుట మాకు సమ్మతము కాదు.

వెడల్పుగా చూపు కటకముతో తుది గుర్తు దాటి త్రిప్పినచో బొమ్మపై ఇంటూ గుర్తువంటి నల్లని నీడ పడును. దానికి మందు వెనుకకు త్రిప్పుటయే. చౌక రకములు రంగును గూడ కొంత మార్చును. అద్దము బిగించిన పిమ్మటనే తెల్లకాగితము నెదుట నుంచి తెలుపును సరిచేసికొనుడు, లేకున్న మంచి కారపు టెఱుపు ఇటుకపొడి యగును.

ఏది కొనవలెను? ఒక్క చోట కూర్చుండి చేయు వంటలనే తీయువారికి మార్పులేని ఎన్.డి. 64 చాలును. నాయనమ్మగారి వెంట పెరటికిని వసారాకును తిరుగువారు రెండు మొదలు ఐదు మెట్ల వఱకు తగ్గించునది కొని, ఎఫ్ 4తో సరిపెట్టుకొనవచ్చును. ఒకటి నుండి తొమ్మిది మెట్లని చెప్పుకొను వానిని మేము నమ్మము. మీ కటకములలో పెద్దదాని కొలతకే కొని, చిన్నవానికి చుట్టుకట్టులు వేసికొనుడు; ఒక్కటే అన్నింటికిని వచ్చును.

పిల్లలున్న యింటివారికి ముఖ్యమైన మాట. ఈ యద్దము ఎంత నల్లగా కనబడినను దీనిగుండ సూర్యుని గాని గ్రహణమును గాని చూడనీయరాదు. కంటికి కనబడని వేడికిరణములను ఇది ఆపదు.

పని మొదలిడకముందే ఒక గిన్నెలో నూనె పోసి యెండలో నుంచి, ఉంగరము త్రిప్పి చూచి, నిగనిగ నిలిచిన చోటు సుద్దతో గుర్తు పెట్టుకొనుడు. సూర్యుడు వాలినను, కెమెరా చోటు మాఱినను మఱల చూడవలెను. అద్దము తుడుచు గుడ్డను కారపు చేతులకు దూరముగా వేఱుగా నుంచుడు.