విజ్ఞానం ఉన్నది, కథ ఏదీ?

వైజ్ఞానిక నవలకు విజ్ఞానమే ప్రాణమనీ, కథా పాత్రలూ అందులో అప్రధానాలనీ ఒక అభిప్రాయం విద్యావంతులలో సైతం వ్యాపించి ఉన్నది. ఇది సమంజసం కాదని నా విశ్వాసం. ఇందుకు తార్కాణంగా ఆ ప్రక్రియ చరిత్రలో సుప్రసిద్ధమైన ఒక నవలనే పరిశీలిద్దాం.

హ్యూగో గెర్న్స్‌బాక్ లక్సెంబర్గ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. 1926లో 'అమేజింగ్ స్టోరీస్' పత్రికను స్థాపించి వైజ్ఞానిక కల్పనకు ఒక వేదిక కల్పించాడు. ఈ రంగంలో ఏటేటా ఇచ్చే ప్రఖ్యాత పురస్కారం ఆయన పేరు మీదనే వెలసింది. అంతటివాడు 1911లో ధారావాహికంగా ఆరంభించి, 1925లో గ్రంథంగా వెలువరించిన నవల 'రాల్ఫ్ 124సి 41 ప్లస్'. కథాకాలం 2660వ సంవత్సరం. దూరాన ఉన్నవారిని చూస్తూ మాట్లాడే యంత్రం, నిద్రలో పాఠాలు నేర్పే సాధనం, అంతరిక్షంలోని వాహనాన్ని తరంగాల ప్రతిఫలనంతో కనిపెట్టే ఉపాయం అందులో ఉన్నాయి. చివరిది రాడార్‌కు పూర్వరూపమే. ఈ దూరదృష్టికి చేతులెత్తి నమస్కరించవలసిందే.

కాని నవలగా దాని విలువ ఎంత? స్విట్జర్లాండ్‌లో ఆలిస్ అనే యువతి ఇంటి మీదికి మంచుకొండ చరియ విరుచుకుపడుతుంది. రాల్ఫ్ న్యూయార్క్‌లోని తన ప్రయోగశాల నుంచి కదలకుండానే ఆ మంచును కరిగించివేస్తాడు. ఆమె న్యూయార్క్ వస్తుంది. ఆపైన పుటల తరబడి ఆమె అడుగుతూ ఉంటుంది, అతడు వివరిస్తూ ఉంటాడు. దుష్టులు ఆమెను అపహరిస్తే అంతరిక్షంలో వెంటాడుతాడు. ఆమె మరణిస్తే తన శాస్త్రంతో బ్రతికిస్తాడు. ప్రతి ఆపదకూ ఒక యంత్రం ముందే సిద్ధంగా ఉన్నప్పుడు పాఠకుని గుండె ఎందుకు ఝల్లుమంటుంది?

మన జానపదులకు ఈ రహస్యం తెలుసు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ఎంత శక్తిమంతుడైనా వాని ప్రాణం ఒక చిలకలో ఉన్నది. ఆ చిలక ఉన్నది గనుకనే బాలవర్ధి ప్రయాణమున్నది, కథ ఉన్నది. ఉర్దూ దాస్తాన్ 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా'లో అమర్ అయ్యార్ వద్ద సమస్త వస్తువులూ ఇమిడే జంబీల్ అనే సంచి ఉన్నది. అయినా మనకు గుర్తుండేది సంచి కాదు. వాని పిసినారితనం, టక్కరితనం. రాల్ఫ్ వద్ద సంచి ఉన్నది గాని స్వభావం లేదు.

ఈ ప్రక్రియలో భావమే ముఖ్యం గదా అని కొందరు ఆక్షేపించవచ్చు. బేగం రొకేయా 1905లో ప్రకటించిన 'సుల్తానాస్ డ్రీమ్'లో కూడ కథాసంవిధానం స్వల్పమే. అయితే సూర్యతాపంతో వంట చేసుకునే ఆ దేశంలో స్త్రీలు రాజ్యమేలుతారు, పురుషులు పరదాలో ఉంటారు. అక్కడి యంత్రం వెనుక ఒక సమాజాన్ని నిలదీసే ప్రశ్న ఉన్నది. వెల్స్ 1897లో వ్రాసిన 'ఇన్విజిబుల్ మ్యాన్'లో కథానాయకుడు అదృశ్యుడైనా చలికి వణుకుతాడు. తిన్న తిండి అరిగేదాక పైకి కనిపిస్తుంది. బురద అడుగుజాడలు పట్టిస్తాయి. ఒక్క అసాధ్యాన్ని అంగీకరించమని కోరి, దాని పర్యవసానాలన్నింటినీ రచయిత నిజాయితీగా చెల్లించాడు.

గెర్న్స్‌బాక్‌కు అటువంటి అవకాశం రాకపోలేదు. ఆ మంచు చరియ విరిగిపడడానికి మూలం వాతావరణాన్ని నియంత్రించే ఇంజనీర్ల సమ్మె! నవలలో మనుష్య వాసన గల ఘట్టం అదొక్కటే. దానిని ఆయన దాటిపోయాడు. వానను ఆజ్ఞాపించే యంత్రమే మన నడిగడ్డలో ఉన్నదనుకుందాం. వేరుశనగ చేను ఎండుతున్న రైతు వాన కావాలంటాడు. కల్లంలో మిరప ఆరబోసినవాడు వద్దంటాడు. ఎవరి మాట నెగ్గాలి? మీట ఎవరి చేతిలో ఉండాలి? నవల అక్కడ మొదలవుతుంది.

విద్యార్థి మిత్రులారా, గద్వాల చీరను చూడండి. నడిమి భాగం నూలు, అంచు పట్టు. అంచును నేసిన తరువాత తెచ్చి కుట్టరు. మగ్గం మీదనే, పోగుపోగుకూ నూలునూ పట్టునూ పెనవేస్తారు. కుప్పడం అనే ఆ పనితనమే వైజ్ఞానిక రచనకూ అవసరం. విజ్ఞానాన్ని పైనుంచి అతికిస్తే అది ఊడిపోక తప్పదు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. వైజ్ఞానిక కథల పోటీ నిర్వహించి, న్యాయనిర్ణేతలుగా ఒక భౌతికశాస్త్ర అధ్యాపకునీ, ఒక తెలుగు అధ్యాపకునీ, ఒక ఉర్దూ అధ్యాపకునీ ఒకే బల్ల వద్ద కూర్చుండబెట్టండి. ముగ్గురూ మెచ్చిన కథకే బహుమతి ఇవ్వండి. ఏ ఒక్కరు పెదవి విరిచినా, ఆ కథను తిరిగి వ్రాయమని విద్యార్థికే అప్పగించండి.