మంచుమీద నిలబెట్టి ‘జాగ్రత్త’ అంటే సరిపోదు

అమెరికాలో చలి ముదిరేకొద్దీ వీధుల కింది నీటి గొట్టాలు ఎక్కువగా పగులుతాయి. చల్లటి నీటికి పాత పోత ఇనుము కుంచించుకుపోతుంది, గడ్డకట్టిన నేల పైనుంచి నొక్కుతుంది, గొట్టం చిట్లుతుంది. దాన్ని బాగుచేయడానికి అర్ధరాత్రి వచ్చే కార్మికుడి కాళ్ల కింద ఉండేది ఆకాశం నుంచి రాలిన మంచు ఒక్కటే కాదు. ఆ గొట్టం నుంచే పొంగి, రోడ్డంతా పరుచుకుని గడ్డకట్టిన నీరు కూడా. ఒక పొర చెక్కేలోగా మరో పొర తయారవుతుంది. నీటిశుద్ధి కేంద్రాల్లోనూ ఆరుబయటి తొట్ల అంచులు, ఇనుప నిచ్చెనలు తడిసి గడ్డకడతాయి. అక్కడ వాడే పాలిమర్ ఒలికితే, నీళ్లు కొట్టేకొద్దీ మరింత జారుతుంది. ఇలాంటి చోట పడిపోయిన మనిషిని ‘అజాగ్రత్తపరుడు’ అనడం అన్యాయం.

నడిచే చోట మంచు, ఒలికిన ద్రవాలు లేకుండా చూడాల్సింది యజమానేనని ఫెడరల్ కార్మిక భద్రతా సంస్థ ‘ఓషా’ నిబంధన స్పష్టంగా చెబుతోంది. కానీ ఆ సంస్థకు ప్రాణం పోసిన 1970 నాటి చట్టమే రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల ఉద్యోగులను తన పరిధి నుంచి తప్పించింది. అమెరికన్లలో అత్యధికులకు నీళ్లిచ్చేవేమో ప్రభుత్వ సంస్థలు! సొంత భద్రతా ప్రణాళికకు ఆమోదం తెచ్చుకున్న న్యూయార్క్, న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లో ఆ సంస్థల ఉద్యోగులకు రక్షణ ఉంది. పెన్సిల్వేనియాలో, టెక్సాస్‌లో వారికి ఓషా రక్షణ లేదు. అక్కడ ఒకే గుంతలో దిగిన ఇద్దరిలో ప్రైవేటు కాంట్రాక్టరు మనిషికి వర్తించే చట్టం నగర ఉద్యోగికి వర్తించదు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో కోటి మందికి పైగా నీటి కష్టాలు పడ్డారు. ఆ వారం గొట్టాలు అతికిన నగర కార్మికులు ఈ రక్షణ లేకుండానే పనిచేశారు.

నీళ్లు ఆగినప్పుడు పని ఆపమంటారా అని అధికారులు అడుగుతారు. పని ఆపమని ఎవరూ అనడం లేదు. ముందు వాల్వు బిగించి ప్రవాహం తగ్గించడం, తవ్వేముందే ఇసుక చల్లి దీపాలు పెట్టడం ఆలస్యం కాదు, పనిలో భాగం. మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీల కంటే చలి పెరిగితే పెద్దగా పనిచేయదు కనుక అలాంటి రాత్రులకు కాల్షియం క్లోరైడ్ సిద్ధంగా ఉంచాలి. బూట్లకు తగిలించే ముళ్లపట్టీలు లోపలి నున్నని గచ్చుమీద జారుతాయన్న అభ్యంతరం నిజమే. అందుకే గుమ్మం దగ్గరే కూర్చుని సులువుగా తీసి పెట్టుకునే ఏర్పాటు ఉండాలి తప్ప, పట్టీలే వద్దనకూడదు. ఇక ఖర్చు మాటకొస్తే, ఆమోదం పొందిన రాష్ట్ర ప్రణాళిక వ్యయంలో సగం వరకు ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుంది. రాష్ట్రాల స్వయంప్రతిపత్తికి భంగమన్న వాదనా నిలవదు. ఆ ప్రణాళికను నడిపేది రాష్ట్రమే.

ప్రభుత్వోద్యోగులను చట్టం కిందికి తెచ్చే బిల్లును అమెరికా కాంగ్రెస్‌లో పలుమార్లు ప్రవేశపెట్టారు, ఒక్కసారీ గట్టెక్కలేదు. మళ్లీ తెచ్చి ఆమోదించాలి. అందాకా పెన్సిల్వేనియా, టెక్సాస్ తమ ప్రణాళికలు తామే రూపొందించుకోవాలి. డాలస్‌లో, ఫిలడెల్ఫియాలో ఓటున్న తెలుగువారు తమ శాసనసభ్యులకు ఈ మాట రాయాలి.