యాభై డాలర్ల డ్రీంకాస్ట్, ఐదు ఆటలు

మొన్న శనివారం గరాజ్ సర్దుతుంటే ఓ పాత అట్టపెట్టె బయటపడింది. లోపల తెల్లటి డబ్బా, మూత మీద నారింజరంగు సుడి. మావాడు చూసి, "నాన్నా, ఇది డ్రీంకాస్ట్ కదా! ఫెయిలయిన కన్సోల్ కదా, ఇంకా ఎందుకు దాచావు?" అన్నాడు. వాడు పుట్టకముందే పోయిన మిషను గురించి వాడికి తెలిసిన ఒకే ఒక్క ముక్క అది ఫెయిలయిందని. నాకు కొంచెం చురుక్కుమంది. అందుకే ఈ టపా.

ఫెయిలయిన మాట నిజమే. ముందు ఆ లెక్కలేవో చెప్పేసుకుందాం. సెగా కంపెనీ డ్రీంకాస్ట్‌ని జపాన్‌లో 1998 నవంబరు 27న విడుదల చేసింది. అమెరికాకి 1999 సెప్టెంబరు 9న వచ్చింది, ధర 199 డాలర్లు. మొదటి 24 గంటల్లో 2,25,132 మిషన్లు అమ్ముడయ్యాయి. ఆటలతో కలిపి 9 కోట్ల 84 లక్షల డాలర్ల వ్యాపారం. ఆ తర్వాత ఏడాదిన్నర కూడా తిరక్కుండానే, 2001 జనవరి 31న, మార్చి నెలాఖరుతో తయారీ ఆపేస్తున్నామని సెగా ప్రకటించింది. ప్రపంచం మొత్తమ్మీద అమ్మింది సుమారు 91 లక్షలు. పోటీగా వచ్చిన ప్లేస్టేషన్ 2 చివరికి 15 కోట్లు దాటింది.

ఎందుకు పోయిందీ అంటే ఒక్కొక్కళ్ళు ఒక్కో కారణం చెప్తారు. అంతకు ముందు 32ఎక్స్, శాటర్న్ కొని చేతులు కాల్చుకున్నవాళ్ళు సెగాని నమ్మలేదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దీనికి ఒక్క ఆట కూడా చెయ్యలేదు. ప్లేస్టేషన్ 2లో డీవీడీ సినిమాలు కూడా చూసుకోవచ్చు. ఇవన్నీ నిజాలే. ఇక పైరసీ సంగతి, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన పాఠం. కాపీ కొట్టకుండా సెగా వాళ్ళు ఒక గిగాబైటు పట్టే జీడీరామ్ అనే సొంత డిస్కు తయారుచేసుకున్నారు. కానీ మిల్‌సీడీ అని, పాటలతో పాటు బొమ్మలూ చూపించే మామూలు సీడీలు కూడా నడవాలని ఓ చిన్న కిటికీ తెరిచి ఉంచారు. ఆ రకం సీడీలు వచ్చింది వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని. 2000లో హ్యాకర్లు ఆ కిటికీ లోంచే దూరారు. మిషను మూత కూడా విప్పకుండా కాపీ ఆటలు నడిచాయి. ఎవరూ వాడని ఫీచరు ఒకటి కోట తలుపు తీసేసిందన్నమాట. అయినా మిషను పోయింది పైరసీ వల్లే అంటే నేనొప్పుకోను. జనం కొనటం తగ్గించింది మిషన్నే, ఆటల్ని మాత్రమే కాదు.

సరే, అసలు విషయానికొద్దాం. ఇంటర్నెట్‌లో డ్రీంకాస్ట్ ఉత్తమ ఆటల జాబితాలు బోలెడు. వాటిల్లో చాలావరకు ఏ మిషను మీదైనా ఆడుకోగలిగే ఆటలే. నా కొలబద్ద వేరు. ఆ రోజుల్లో ఈ మిషను లేకపోతే అసలు పుట్టి ఉండని ఆటే దీని గొప్ప ఆట. బతికున్నది కొద్దికాలమే కాబట్టి, ఆ కొద్దికాలంలో తను మాత్రమే చేయగలిగిందేమిటో చూడాలి.

ఇది నా చేతికెలా వచ్చిందో కూడా చెప్పాలి. 2001 చివర్లో నేను న్యూజెర్సీలో ఓ గెస్ట్‌హౌస్‌లో బెంచి మీద ఉన్నాను. అంతకు ముందు ఏడాదిన్నర పాటు రాత్రింబవళ్ళు కూర్చుని రాసిన సాఫ్ట్‌వేరు రిలీజైన నెలకే, కంపెనీ వాళ్ళు ఆ ప్రాడక్టునీ, మా టీమునీ కలిపి పీకేశారు. గదిలో నలుగురం, నలుగురిదీ అదే పరిస్థితి. మిగిలిన సరుకు వదిలించుకోవటానికి డ్రీంకాస్ట్ ధర 49 డాలర్ల 95 సెంట్లకి దించేశారని తెలిసి, తలా పన్నెండున్నర వేసుకుని కొన్నాం. ఆటల డిస్కులు కూడా అప్పటికి చవకే. పనిలేని నలుగురు, పని అయిపోయిన మిషను. బాగా కుదిరింది.

ఇప్పుడు కింద నుంచి పైకి నా ఐదు.

5. సీమాన్. మనిషి ముఖం ఉన్న చేపని తొట్టిలో పెంచాలి. కంట్రోలర్‌కి మైకు తగిలించి దానితో మాట్లాడాలి. మిషనులో ఉన్న గడియారం ప్రకారం అది పెరుగుతుంది, పట్టించుకోకపోతే చస్తుంది. స్టార్‌ట్రెక్ లియొనార్డ్ నిమాయ్ గొంతు మనకి రోజూ స్వాగతం చెప్తుంది. మా ఇంగ్లీషు యాస ఆ చేపకి అర్థమయ్యేది కాదు. గుంటూరు నుంచొచ్చిన మా రూమ్మేట్ ఒకే ముక్క పదిసార్లు చెప్పి, చివరికి తెలుగులో తిట్టేవాడు. ఓ రోజు అది నీ ఉద్యోగమేమిటని అడిగితే గదిలో ఎవరూ నోరెత్తలేదు. ఇప్పుడు ఇంటింటా మాట్లాడే స్పీకర్లున్నాయి, వాటితోనూ మావాళ్ళు ఇలాగే తంటాలు పడుతున్నారు. 1999లో 16 మెగాబైట్ల మెమరీతో ఆ పని చేయించటం మాత్రం మాటలు కాదు.

4. జెట్ సెట్ రేడియో. 2000లో వచ్చింది. అమెరికాలో పేరు మార్చి జెట్ గ్రైండ్ రేడియో అన్నారు. చక్రాల బూట్లేసుకుని టోక్యో వీధుల్లో తిరుగుతూ, పోలీసులకి దొరక్కుండా గోడల మీద రంగు బొమ్మలు వెయ్యాలి. అప్పటిదాకా అందరూ 3డీ బొమ్మ నిజంలా కనపడాలని తాపత్రయపడుతుంటే, వీళ్ళు కావాలనే కార్టూన్‌లా నల్లగీతలు చుట్టి, చదునైన రంగులు పూశారు. ఆ కాలంలో నిజంలా కనపడాలని చేసిన ఆటలు ఇప్పుడు చూస్తే జాలేస్తుంది. ఇది మాత్రం ఇవాళ్టికీ కొత్తగానే ఉంది. అందులో మన బొమ్మ మనమే గీసుకోవచ్చు. మేము తెలుగులో 'గుంటూరు' అని చుక్క చుక్క పెట్టి గీసి టోక్యో గోడలన్నిటికీ పూశాం.

3. సోల్‌కాలిబర్. కత్తులూ కర్రలూ పట్టుకుని కొట్టుకునే ఆట. ఇది 1998లో ఆర్కేడ్‌లో వచ్చిందే, మరి నీ కొలబద్ద ఏమైంది అంటారేమో. ఆర్కేడ్ మిషను లోపల ఉన్నది పాత ప్లేస్టేషన్ తరహా హార్డ్‌వేరు. నామ్కో వాళ్ళు డ్రీంకాస్ట్ కోసం బొమ్మలన్నీ మళ్ళీ తీర్చి, కొత్త ఆట పద్ధతులు చేర్చారు. ఆర్కేడ్ ఆట ఇంటికొస్తే నాసిరకంగా ఉండటమే అప్పటిదాకా మామూలు, ఇక్కడ ఇంటిదే మేలుగా వచ్చింది. జపాన్ పత్రిక ఫామిట్సు నలభైకి నలభై ఇచ్చింది. కిలిక్ అనేవాడి కర్రసాముతో మా గదిలో అందరినీ బరిలోంచి అవతలికి నెట్టింది నేనే, ఈ విషయంలో వినయం అనవసరం.

2. చుచూ రాకెట్. చాలామంది జాబితాల్లో కనపడదు, అది వాళ్ళ దురదృష్టం. ఎలుకలు తిన్నగా పరిగెడతాయి, గోడ తగిలితే కుడికి తిరుగుతాయి. మనం నేలమీద బాణం గుర్తులు పెట్టి వాటిని మన రాకెట్టులోకి మళ్ళించాలి. పిల్లిని పక్కవాడి రాకెట్టు మీదికి తోలాలి. ఒక్కొక్కరికి మూడే బాణాలు, నాలుగోది పెడితే మొదటిది మాయం. అంతే రూల్సు. కంట్రోలర్లు పెట్టుకునే రంధ్రాలు నాలుగు, మేమూ నలుగురం. తెరమీద నూరు ఎలుకలు పరిగెడుతున్నా మిషను ఎక్కడా తడబడదు. ఇంటర్నెట్ మీద కూడా ఆడుకోవచ్చు. ఇంత చిన్న ఆట అంత పోట్లాట పెట్టటం నేను మళ్ళీ చూడలేదు.

1. ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్. ఇది నా మొదటి స్థానం, దీనిమీద రాజీ లేదు.

డ్రీంకాస్ట్ ప్రత్యేకత ఏమిటంటే అమెరికాలో, జపాన్‌లో ప్రతి మిషను లోపలా మోడెమ్ పెట్టి అమ్మారు. ఖర్చు దండగన్నా పెట్టారు. ఆన్‌లైన్ ఆటలే భవిష్యత్తని పట్టుబట్టిన పెద్దమనిషి సెగా అధిపతి ఇసావ్ ఒకావా. 2001 మార్చిలో చనిపోయే ముందు, కంపెనీ తనకివ్వాల్సిన బాకీలు రద్దుచేసి తన షేర్లు కూడా తిరిగిచ్చేశాడు, మొత్తం విలువ దాదాపు 69 కోట్ల 50 లక్షల డాలర్లు. సొంత డబ్బు పెట్టి తప్పు చేసినవాణ్ణి నేను ఊరికే విమర్శించలేను.

ఈ ఆటలో నలుగురు కలిసి రాగోల్ అనే గ్రహం మీద దిగి వేటాడతారు. పక్కనున్నవాడు ఏ దేశం వాడైనా కావచ్చు. భాష రాకపోతే ఎలా? సోనిక్ టీమ్ వాళ్ళు తయారు మాటల పట్టిక ఒకటి పెట్టారు. నేను ఇంగ్లీషులో ఎంచుకున్న వాక్యం అవతలివాడికి అతని భాషలో కనపడుతుంది, మొత్తం ఐదు భాషలు.

గెస్ట్‌హౌస్‌లో ఉన్నది ఒకే ఫోను లైను. పగలు మోడెమ్ పెడితే రిక్రూటర్ల ఫోన్లు రావు. ఓసారి మా వరంగల్ మిత్రుడి ఫోన్ ఇంటర్వ్యూ నావల్ల పోయింది కూడా. "ఒరేయ్, నీ డ్రాగన్ కోసం నా ప్రాజెక్టు తగలెట్టావు కదరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ రాత్రి నేను మిషను ముట్టుకోలేదు. ఆ తర్వాత రాత్రి పదకొండు దాటాకే అని రూలు పెట్టుకున్నాం. మనకి రాత్రి పదకొండంటే జపాన్‌లో మధ్యాహ్నం ఒంటిగంట. అట్లా ఓ జపాన్ అతను వరసగా చాలా రాత్రులు మాతో ఆడాడు. నేను చచ్చి పడినప్పుడల్లా వెనక్కొచ్చి లేపేవాడు. నేను పట్టికలోంచి థాంక్స్ ఏరి పంపేవాణ్ణి. అతని పేరేమిటో, ఏం పని చేస్తాడో ఈనాటికీ తెలియదు. ఏ పనీ లేని ఆ నాలుగు నెలల్లో నన్ను పనికొచ్చేవాడిగా చూసింది బహుశా అతనొక్కడే.

ఇందాకటి తేదీ గుర్తుందా, తయారీ ఆపేస్తున్నామని చెప్పిన 2001 జనవరి 31? ఈ ఆట అమెరికాలో విడుదలైంది సరిగ్గా అదే వారంలో. మిషన్లో మోడెమ్ ఎందుకు పెట్టారో జనానికి అర్థమయ్యే ఆట వచ్చేసరికి మిషనే లేదు. నా ప్రాడక్టు గతి కూడా అదే కనక ఇది నాకు బాగా తగిలింది.

షెన్మూ ఏదీ అని మీరు రాళ్ళేరుకునే లోపు నేనే చెప్తాను. యూ సుజుకి 1999లో అద్భుతం చేశాడు, ఒప్పుకుంటాను. 1986 నాటి యొకొసుకా ఊళ్ళో ప్రతి మనిషికీ ఓ దినచర్య ఉంటుంది. ఖర్చు 4 కోట్ల 70 లక్షల డాలర్లని తర్వాత ఆయనే చెప్పాడు. కానీ ఆట మధ్యలో నన్ను రేవులో ఫోర్క్‌లిఫ్ట్ తోలే ఉద్యోగంలో పెట్టాడు. ఆటలో కూడా నాకంటే ముందు హీరోకే ఉద్యోగం దొరికితే నేను భరించలేకపోయాను. మెచ్చుకుంటాను, మళ్ళీ ఆడను.

నేను చెప్పొచ్చేదేమిటంటే, పోయిన మిషన్ని చూసి అందరం ఎందుకు పోయిందనే అడుగుతాం. ఏం చేసిందని అడగం. ఇప్పుడు ఏ కన్సోల్ కొన్నా నెట్ కనెక్షన్ లేకుండా ఊహించుకోలేం. సెగా సర్వర్లు ఎప్పుడో మూసేసినా, అభిమానులు సొంత సర్వర్లు పెట్టుకుని ఆ ఆట నడుపుకుంటున్నారు. చిన్న రాస్‌బెర్రీ పై కంప్యూటర్‌తో ఫోను లైను ఉన్నట్టు పాత మోడెమ్‌ని నమ్మిస్తున్నారు. జీతం ఇవ్వకుండా ఇంతమందితో ఇంత పని చేయించుకునే సాఫ్ట్‌వేరు నేనింతవరకు రాయలేదు.

2002 మొదట్లో మా గుంటూరు మిత్రుడు పెట్టె సర్దుకుని ఇండియా వెళ్ళిపోయాడు. వెళ్తూ, "నా పన్నెండున్నర డాలర్లు నీ దగ్గరే ఉంచరా" అన్నాడు. ఇంకా ఇక్కడే ఉన్నాయి.

మొన్న శనివారం వైర్లు తగిలించి స్విచ్చి వేస్తే, మెమరీ కార్డులో బ్యాటరీలు చచ్చిపోయి ఎప్పట్లాగే 'కీ...' మని అరిచింది. మావాడు ఉలిక్కిపడ్డాడు. గడియారం మళ్ళీ పెట్టమని అడిగింది, పెట్టాను. చుచూ రాకెట్ మొదలుపెట్టి రెండు గంటలు ఆడాం. మధ్యలో వాళ్ళమ్మ కూడా వచ్చి కూచుంది. ఎవరు గెలిచారో అడగొద్దు. నాలుగో కంట్రోలర్ ఖాళీగా ఉంది.

మీ ఐదూ ఏవి?