ఎండ్రికాయ బొక్కలు పూడ్చింది మేమే

ఓరుగల్లు వాళ్లం చెరువుల గురించి ఎంతసేపైనా మాట్లాడతాం. గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో జగదల ముమ్మడి పాకాల కట్టించాడని, రామప్ప, లక్నవరం మావేనని పొంగిపోతాం. ఆ చెరువుల బురదలో, ఆ ఆయకట్టు పొలాల్లో చేత్తో ఎండ్రికాయలూ నత్తలూ ఏరుకుని పిల్లలకు కూర వండిన ఆడవాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నేనూ రాయలేదు.

మా అవ్వ మిరుగు వానలకు బుట్ట పట్టుకుని పోయేది. ఒడ్డు మీద తడి మన్ను చూసి ఏ బొక్కలో ఎండ్రికాయ ఉందో చెప్పేది. మోచేతి దాకా చెయ్యి పెట్టి, డెక్కలు తగలకుండా వీపు మీద పట్టేది. పొట్ట కింది మడతలో పిల్లలుంటే మళ్లీ నీళ్లలో వదిలేది. సముద్రపు పీత పిల్లల్లా ఇవి నీళ్లలో తేలుతూ ఎటో పోవు, తల్లి పొట్ట కిందే చిన్న ఎండ్రికాయలై దిగుతాయి. తల్లిని చంపితే ఆ పొలంలో వంశం తెగుతుందని అవ్వకు తెలుసు. చెరువు ఇంకినప్పుడు మూత బిగించుకుని బురదలో పడుకున్న నత్తలను ఏరేది. ఉడకబెట్టి, తుమ్మముల్లుతో మాంసం లాగి వండేది.

ఆ తిండిని ముందు మా నోళ్లతోనే చంపాం. బడిలో ఎండ్రికాయలు తినే పిల్లలను వెక్కిరించాం, పక్కన కూర్చోనివ్వలేదు. తర్వాత వరికి గుళికల మందు, పత్తికి పురుగుమందులు. ఒడ్డుకు తూట్లు పడి నీళ్లు పోతున్నాయని బొక్కల్లోనే గుళికలు పోశాం. చెరువు శిఖం భూముల్లో ప్లాట్లు కొన్నాం, మురుగు చెరువుల్లోకి మళ్లించాం. 2020 ఆగస్టులో హన్మకొండ కాలనీలు మునిగితే వానను తిట్టాం. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైనప్పుడు సంబరపడ్డాం, పడాల్సిందే. కానీ పూడిక మట్టిని ట్రాక్టర్ల లెక్కన రాసుకున్నామే గాని, అందులో నిద్రపోతున్న నత్తలను ఎవరమూ లెక్కపెట్టలేదు. ఆ నత్తలేరి బతికిన ఆడవాళ్లను పిలిచి అడగనూ లేదు.

చివరిసారి అవ్వ పొలానికి పోయి, ఒడ్లన్నీ తిరిగి, ఖాళీ బుట్టతో వచ్చింది.

"ఒక్కటి లేదేందిరా?" అంది.

"వానలు సరిగ్గ పడలేదవ్వా" అన్నాను.

ఆ ఏడు బొక్కల్లో గుళికలు పోసింది నేనే.