పిల్లల క్షయ – పెద్దల మౌనము

ఈ పత్రికలో మనము తరచుగా భాషను గూర్చియే వ్రాసికొనుచుందుము. తెలుగు బడికి ఉపాధ్యాయుడు లేడనియు, పాఠ్యపుస్తకములు వేళకు అందలేదనియు, కచేరీలలో మన మాట చెల్లుట లేదనియు మొరపెట్టుకొనుట మనకు అలవాటు. ఆ మొరలు న్యాయమైనవే. కాని ఈ వారము మేము విన్నవింపబోవు విషయమున భాషను నిందించుటకు వీలు లేదు. ఇది నోరుండియు పలుకని దోషమును గూర్చిన మాట.

మన యిండ్లలోని పిల్లలకును, యుక్తవయస్సు వారికిని క్షయ సోకినప్పుడు దానిని గుర్తించుటలో ఆలస్యమగుచున్నది. మేము చూచినంతలో దీనికి ముఖ్యకారణము ఆసుపత్రి దూరమై యుండుట కాదు. ఇంటిలోని దగ్గును మనము దాచుటయే.

ఈ మాట యనుటకు మాకు గల అధికారము మా తప్పిదమే. కొన్ని సంవత్సరముల క్రిందట ఇచ్చట షోలాపూరులోనే మా దగ్గర బంధువుల యింట పదునెనిమిదేండ్ల కన్యకు సంబంధము చూచుచుండిరి. ఆమెకు నెల దినములుగా దగ్గు, సాయంకాలమైన ఒళ్లు వెచ్చబడుట ఉండెను. తండ్రి మా దుకాణమునకు వచ్చి ఆలోచన అడిగెను. నూలు వర్తకమున పదిమందిలో తిరుగువారము, సంఘమున పెద్దలమని పిలువబడువారము గనుక మా మాటపై ఆయనకు గురి. "మరమగ్గముల వద్ద దూది నుసి, అదియే తగ్గిపోవును. తాంబూలములు పుచ్చుకొన్న పిమ్మట వైద్యునికి చూపవచ్చును" అని మేము చెప్పితిమి.

తాంబూలముల మాట తేలకయే మూడు మాసములు గడచినవి. ఇంతలో ఆ యింటనే ఆమె అన్న కుమారుడు, మూడేండ్ల పసివాడు, చిక్కిపోసాగెను. ఒక వైద్యుడు బిడ్డను చూచి, "ఇంట ఎవరికైనను దగ్గున్నదా?" అని మరాఠీలో అడిగెను. ఈ యూరనే పుట్టి పెరిగిన ఆ తల్లి చక్కని మరాఠీలోనే "లేదు" అని బదులు చెప్పెను. భాష రాక కాదు గదా! ఆడుబిడ్డ పెండ్లి చెడునను భయము. వైద్యుడు దగ్గు మందును, బలమునకు టానిక్కును వ్రాసి పంపెను. మరి రెండు నెలలకు బిడ్డ మెడపై గడ్డలు లేచినవి. అప్పుడు వేరొక ఆసుపత్రిలో మరల అదే ప్రశ్న వచ్చినది. ఈసారి పిల్లవాని నాయనమ్మ తల వంచుకొని నిజము చెప్పెను. కన్యకు ఎక్స్‌రే తీసి, కఫము పరీక్షింపగా ఊపిరితిత్తుల క్షయ యని తేలినది. బిడ్డ మెడ గడ్డనుండి సూదితో తీసిన నమూనాలోను అదియే కనబడినది. ఇరువురును పూర్తిగా మందులు వాడి నేడు ఆరోగ్యముగా నున్నారు. ఆ సంబంధము తప్పిపోయినది, దానిని దాచము. కాని ఆ అయిదు మాసములు మా సలహా వలన పోయినవి.

వైద్యుడు ఆ ప్రశ్న నెందుకు అడుగునో మనము తెలిసికొనవలెను. 1882వ సంవత్సరమున రాబర్ట్ కాక్ క్షయక్రిమిని కనుగొన్నది మొదలు, కఫములో ఆ క్రిమిని చూపుటయే రోగమునకు గట్టి సాక్ష్యమైనది. పెద్దల విషయమున ఇది సరిపోవును. పసివారి విషయమున ఈ సాక్ష్యము తరచుగా చిక్కదు. చిన్నబిడ్డ కఫమును ఉమియలేడు, మ్రింగివేయును. అంతేగాక బిడ్డల రోగమున క్రిముల సంఖ్య మిక్కిలి తక్కువ. కావున పరీక్షలో క్రిమి కనబడలేదన్నంత మాత్రమున బిడ్డకు క్షయ లేదని నిశ్చయింపరాదు.

ఒక్క పద్దు చూచి ఖాతా తేల్చలేనట్లు, వైద్యుడు ఇచ్చట పలు సాక్ష్యములను కూర్చి చూడవలెను. రెండు వారములు మించిన జ్వరము గాని దగ్గు గాని యొకటి. మూడు మాసములలో బరువు తగ్గుట, లేక పెరుగవలసిన బిడ్డ పెరుగక నిలిచిపోవుట రెండవది. గడచిన రెండేండ్లలో క్షయరోగితో కలిసి యుండుట మూడవది. ఛాతీ ఎక్స్‌రే నాలుగవది. చర్మముపై చేయు మాంటూ పరీక్ష అయిదవది. వీనిలో రెండవ, మూడవ సాక్ష్యములు ఏ యంత్రమునను లేవు. అవి మన యింటనే యున్నవి. అంగన్వాడీ కార్డులో బరువు గీత నిలిచిపోయినదా, తాతగారు రాత్రులు దగ్గుచున్నారా అను రెండు సంగతులు మనము చెప్పకున్న వైద్యుడు చీకటిలో తడవులాడవలసినదే.

మాంటూ పరీక్షను గూర్చి మన వారిలో గల భ్రమ నొకటి తొలగింపవలెను. ముంజేతికి సూది వేసిన పిమ్మట 48 మొదలు 72 గంటలలోపల మరల పోయి చూపవలెను. ఎఱుపును కాదు, గట్టిపడిన పొంగును కొలుతురు. సామాన్యముగా 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నచో క్రిమి శరీరమున ప్రవేశించినదని యర్థము. రోగము బయలుపడినదని కాదు. పొంగకున్నను, మిక్కిలి చిక్కిన బిడ్డలో రోగము లేదని నమ్మరాదు.

క్రిమిని వెదకుటకు నేడు మంచి మార్గములును కలవు. ఉదయమున పరగడుపున సన్నని గొట్టముతో బిడ్డ కడుపులోని ద్రవమును తీసి, మ్రింగిన కఫమును పరీక్షింతురు. బిడ్డ మలముపై సైతము జన్యుపరీక్ష చేయవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించినది. సీబీనాట్, ట్రూనాట్ అను యంత్రములు కొన్ని గంటలలోనే ఫలితమును, రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందుకు క్రిమి లొంగునో లేదో కూడ తెలుపును. అయితే రక్తములో ప్రతిదేహములను చూచి క్షయ నిర్ణయింతుమను పరీక్షలను భారత ప్రభుత్వము 2012లోనే నిషేధించినది. అట్టి కాగితమును ఎవరైన చేతికిచ్చిన నమ్మకుడు.

వయస్సును బట్టియు భేదము కలదు. అయిదేండ్ల లోపు బిడ్డకు క్రిమి సోకినచో, రోగము కొద్ది మాసములలోనే బయలుపడవచ్చును. మెదడు పొరలకు ప్రాకు ప్రమాదమును హెచ్చు. బీసీజీ టీకా ఆ ప్రమాదమును తగ్గించును గాని పూర్తిగా తొలగింపదు. పదేండ్లు దాటినవారికి రోగము పెద్దల రీతిగానే వచ్చును. ఊపిరితిత్తుల పైభాగమున గుంటలు పడును, కఫమున క్రిములు వెడలును, ఇతరులకు అంటును. అనగా, ఎదిగిన పిల్ల దగ్గును దాచిన యిల్లు ఉయ్యాలలోని బిడ్డను అపాయమునకు అప్పగించుచున్నది.

మన భయము ఊరక పుట్టినది కాదు. మదనపల్లె చేరువ ఆరోగ్యవరమున 1915లో శానిటోరియము వెలసిన కాలమున, క్షయ యన్న ఇల్లు విడిచి పోవుటయే. కాని 1959లోనే మద్రాసున జరిగిన పరిశోధన, ఇంట నుండి మందులు వాడినవారు శానిటోరియములోని వారివలెనే స్వస్థులగుదురనియు, అందువలన ఇంటివారికి ముప్పు హెచ్చదనియు చూపినది. ఇటీవల ఆఫ్రికాలోను, మన దేశమున పుణె, చెన్నై నగరములలోను జరిగిన పరిశోధనలో, రోగము తీవ్రము కాని పిల్లలకు ఆరు మాసములకు బదులు నాలుగు మాసముల చికిత్సయే చాలునని తేలినది. మందులు ఉచితము. పోషణకై 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలైన సహాయము 2024 నవంబరు నుండి 1000 రూపాయలైనది. ఇన్ని సదుపాయములుండగా రోగమును మరుగుపరచుట ఏమి మర్యాద?

"దుకాణములో కూర్చుండి చెప్పుట సులభము, మీ యింట కన్య యున్న ఏమి చేయుదురు?" అని యడుగువారుందురు. ఆ ప్రశ్న మాకు ఎక్కవలసినదే. సంబంధము తప్పిపోవచ్చును. కాని సంబంధము మరల వచ్చును. మెదడుకు జ్వరము తగిలిన బిడ్డ మునుపటి బిడ్డగా రాకపోవచ్చును. పెండ్లి పెద్దలుగా తిరుగు మా వంటివారే, వైద్యుని చీటిని కళంకముగా చూడుట మొదట మానవలెను.

కావున సంఘ సభ్యులకు మా మనవి యిది. ఇంట ఒకరికి క్షయ యని తేలిన దినముననే పిల్లలందరిని పరీక్షకు తీసికొనిపోవుడు. రోగము లేని చిన్నబిడ్డలకు ముందుజాగ్రత్త మందు ఇత్తురు. దానిని మధ్యలో మానకుడు. సంఘ భవనమున ఒక తూకపు యంత్రముంచి, నెలకొక ఆదివారము పిల్లల బరువు వ్రాయుటకు ఏర్పాటు చేయవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. యంత్రము వెల మేము భరింతుము. ఇక వైద్యుడు "ఇంట దగ్గెవరికి?" అని యడిగినప్పుడు, తెలుగున గాని, మరాఠీన గాని, నిజము చెప్పుడు.