బుడ్డలకేం తక్కువ?

కొత్త వియ్యాలవారు వస్తున్నారు, బుడ్డల ఓళిగలు చేస్తానన్నాను. (బుడ్డలంటే మా కర్నూలు వైపు వేరుశనక్కాయలు లెండి.) "బుడ్డలా! పరువు పోతాది. జీడిపప్పు బర్ఫీ తెప్పిస్తా" అన్నారు మావారు. బుడ్డలమ్మిన డబ్బుతో చదువుకున్న మనిషి!

పరువెందుకు పోవాలండీ? జీడిమామిడీ వేరుశనగా రెండూ దక్షిణ అమెరికా నుంచి దిగినవే. ఒకటి జమీందారూ ఇంకొకటి జీతగాడూ ఎప్పుడయ్యాయి? మాంసకృత్తులు చూస్తే 100 గ్రాముల బుడ్డల్లో సుమారు 25 గ్రాములు, జీడిపప్పులో 18. అమెరికా దక్షిణాదివాళ్ళు పండక్కి తమ నేలలో కాసే పెకాన్ పప్పుతోనే ఓవెన్‌లో తీపి 'పై' కాల్చి చుట్టాలకు పెడతారు. టెక్సాస్‌వారు 1919లో ఆ చెట్టునే రాష్ట్ర వృక్షం చేసుకున్నారు. మనమేమో పత్తికొండ ఎర్రనేలల పంటను నూనె మిల్లుకు తోలి, చుట్టాలకు అంగడి డబ్బా చూపిస్తాం. మన విస్తట్లోనే విలువ లేనిదానికి మార్కెట్‌యార్డులో ఎవడిస్తాడు?

నేను వినలేదు. బుడ్డలు దోరగా వేయించి, పొట్టు చెరిగి, బెల్లంతో బరకగా దంచాను. మెత్తగా రుబ్బితే నూనె దిగి పూర్ణం జారిపోతుంది. పలచగా తట్టి, పెనం మీద కాల్చి, నెయ్యేసి పెట్టాను.

వియ్యపురాలు మూడు తిని, నాలుగోది అడగడానికి మొహమాటపడింది. మావారు పడలేదు.