మోకాలి వాపుకూ స్కానింగ్ ఉంది

బనగానపల్లె: నాపరాతి గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి మోకాలు వాచిందంటే బరువులు మోసి కీలు అరిగిందనుకోవడం ఈ ప్రాంతంలో పరిపాటి. ఎక్స్‌రేలో ఎముకలు బాగానే ఉన్నాయంటారు. నొప్పి బిళ్లలు మింగడం, సూదితో నీరు తీయించుకోవడం, నెల తిరగకుండానే మళ్లీ నీరు చేరడం. ఇలాగే ఏడాది గడిచిపోతుంది.

వాపులన్నీ అరుగుదల కావు. కీలు లోపల పలుచని పొర ఒకటి ఉంటుంది. కీలుకు కందెనలా పనిచేసే జిగట ద్రవం ఊరేది దానినుంచే. అరుదుగా ఆ పొరే పెరిగిపోతుంది. ఒక రకంలో కొవ్వు చేరి కుచ్చుల్లా వేలాడుతుంది. మరో రకంలో చెవిదొప్పలో ఉండేలాంటి మెత్తని ఎముక గుళికలు పుట్టి, ఊడి, కీలులో తిరుగుతాయి. నడుస్తూ ఉండగా మోకాలు పట్టేస్తుంది. ఇంకో రకంలో పొరనుంచి రక్తం కారుతుంది, తీసిన నీరు తుప్పురంగులో ఉంటుంది. ఇవి క్యాన్సర్ కావు. అయితే ఈ చివరిదాన్ని ఏళ్లతరబడి వదిలేస్తే ఎముకనూ తినేస్తుంది.

ఎక్స్‌రేకు ఎముక కనబడినట్లు పొర కనబడదు. సున్నం పట్టని గుళికలూ కనబడవు. గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్ స్కానింగుకు ఇవి చాలావరకు అందుతాయి. ఉన్నది నీరా, మందమెక్కిన పొరా అన్నది తేలుతుంది. పరికరంతో నొక్కితే నీరు పక్కకు జరుగుతుంది, పొర జరగదు. పొరలో రక్తప్రసారం ఎంతుందో రంగుల్లో చూడవచ్చు. మోకాలి వెనుక నీటితిత్తికీ, కాలి సిరలో రక్తం గడ్డకట్టడానికీ తేడా దీనితో చెప్పవచ్చని మెక్‌డొనాల్డ్, లియోపోల్డ్ అనే వైద్యులు 1972లోనే రాశారు. మన ఊళ్లలో మాత్రం స్కానింగంటే నేటికీ కడుపుతో ఉన్నవారిదే.

దీనికి చట్టం కూడా కొంత కారణం. ఆడపిల్లలను గర్భంలోనే చంపే దురాచారాన్ని ఆపేందుకు 1994లో వచ్చి, 2003లో మరింత గట్టిపడిన చట్టం ప్రకారం కీళ్లకు వాడే యంత్రాన్నైనా రిజిస్టరు చేయించాల్సిందే. ఎముకల డాక్టరు తనంతట తాను కొని బల్లపై పెట్టుకోవడానికి వీల్లేదు. ఈ కట్టడిని సడలించమనడం మన ప్రాంతానికి మేలు కాదు. రిజిస్టరైన గదుల్లోనే వారానికొక పూట కీళ్లకు కేటాయిస్తే చట్టానికి అడ్డేమీ లేదు. 1957 నుంచి కర్నూలులో వైద్య కళాశాల ఉంది. 2023లో నంద్యాలలోనూ వచ్చింది. ఈ పని అక్కడ మొదలుకావాలి.

స్కానింగుతోనే అంతా తేలిపోదు. కీలు లోతుల్లో, ఎముక చాటున ఉన్నది దానికి అందదు, ఎం.ఆర్.ఐ. కావాలి. కీళ్ల క్షయలోనూ పొర ఇలాగే మందమెక్కుతుంది. నీరో, పొర ముక్కో పరీక్షిస్తేగాని ఏదైనదీ తెలియదు. క్షయ పరీక్షలు, మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. ఒకే మోకాలు నెలలతరబడి వాచి ఉంటే, మూడోసారి నీరు తీయించుకునేముందు 'స్కానింగ్ చేస్తారా?' అని డాక్టరును అడగవచ్చు. జ్వరంతోపాటు మోకాలు ఎర్రబడి కాలుతుంటే ఏ స్కానింగు కోసమూ ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.